మా షెడ్డు కోరని పాటలు

మధ్యాహ్నం ఒంటిగంట అయితే నాకు ఇప్పటికీ ఏ పనీ చేతికి రాదు. బడిలో అది భోజనాల వేళ. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో తోసుకుంటూ ఉంటారు, తోటి టీచర్లు కారియర్లు విప్పి కూరలు మార్చుకుంటూ ఉంటారు. నేను మాత్రం ఎక్కడినుంచో ఒక గొంతు ఒక ఆడమనిషి పేరు, దాని వెనకే మా ఊరి పేరు చదువుతుందేమోనని చూస్తూ కూర్చుంటాను. ఎవరూ చదవరు. ఆ చదవడం ఆగిపోవడంలో నా చెయ్యి ఉంది కాబట్టి ఆ సంగతి నాకు అందరికంటే బాగా తెలుసు.

మా లోకల్ రేడియో స్టేషను పాటల పద్ధతి మొత్తం మార్చేసిన ఏడాది సంగతి ఇది. రెండువేలు దాటి ఒకటో రెండో ఏళ్లు అయివుంటుంది. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట మా ఊరు. ఊరి చివర చర్చి, చర్చి చుట్టూ మా పల్లె. రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ, దాని పక్కన పెద్ద రేకుల షెడ్డు. చలికాలం చివర్నుంచి వానలు పడేదాకా అక్కడ మిరపకాయలకు తొడిమలు తీసే పని ఉండేది. పాతికమంది ఆడవాళ్లం గోతాలు పరుచుకుని రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. మధ్యలో కాయలు రాశిగా పోసేవారు. మొదటి వారమంతా తుమ్ములు, రెండో వారం నుంచి చేతుల మంటలు. ఇంటికెళ్లి ఆముదం రాసుకున్నా సరే, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకూడదు. మా షెడ్డులో ఎవరికైనా ఏడుపొస్తే తల వంచి కళ్లు భుజానికేసి ఒత్తుకునేవాళ్లు.

నేను అప్పుడే ఇంటర్ తప్పాను. తప్పినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడమెందుకని అమ్మ తనతోపాటు షెడ్డుకు లాక్కుపోయింది. నాకు పందొమ్మిదేళ్లు. ఆ రోజుల్లో నాకు అందరిమీదా కోపమే. పాసైన స్నేహితురాళ్ల మీద, నన్ను తప్పించిన ఇంగ్లీషు మీద, నా పక్కన కూర్చుని పొద్దస్తమానం కోడళ్ల సంగతులు చెప్పుకునే ఆడవాళ్ల మీద. ఆ కోపం ఎంత చవకబారుదో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడది నాకు చాలా గొప్పగా ఉండేది.

మేస్త్రికి పాత రేడియో ఒకటుండేది. దాన్ని షెడ్డు స్తంభానికి తాడుతో కట్టి వేలాడదీసేవాడు. ఒంటిగంటకు అన్నాలు తినేటప్పుడు శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి. అన్నీ పాత సినిమా పాటలు, మా అమ్మ పెళ్లినాటివి, అంతకు ముందువి. ప్రతి పాటకూ ముందు కార్డులు రాసిన వాళ్ల పేర్లు, ఊళ్లు చదివేవారు. చదివే ఆయన పెద్దవయసు మనిషి, నిదానంగా, ఒక్కో పేరు దగ్గరా ఆగి చదివేవాడు. మా వాళ్లకు పాట ముఖ్యం కాదు. పాట మొదలయ్యాక ఎవరి కబుర్లు వాళ్లవే. పేర్లు చదివేటప్పుడు మాత్రం కలిపిన ముద్ద కూడా నోట్లో పెట్టుకోకుండా వినేవాళ్లు. మేస్త్రి మమ్మల్ని ఒసేయ్ అనేవాడు, కాయలు తెచ్చే రైతులు ఏమ్మాయ్ అనేవారు. మా పేర్ల చివర ‘గారు’ చేర్చి పిలిచింది ఆ రేడియో ఒక్కటే.

కార్డులు రాసే పని నాది. నాకంటే ముందు ఆ పని ఇంకొకామెది, నాకు వరసకు అక్క. మా అమ్మ పెత్తల్లి కూతురి కూతురు, నాకంటే ఏడాది పెద్దది. ఏడో తరగతితో చదువు మానేసినా రాత మాత్రం అచ్చు గుద్దినట్టుండేది. షెడ్డులో వాళ్లమ్మ పక్కనే కూర్చుని అందరికీ కార్డులు రాసిపెట్టేది. నేను షెడ్డుకు రావడానికి ఏడాది ముందు ఆమె ఒక లారీ డ్రైవరుతో వెళ్లిపోయింది. కులం వేరు, మతం వేరు. మా పల్లెలో ఆ సంవత్సరమంతా అదే మాట.

వాళ్ల నాన్నను నేను పెదనాన్న అనేదాన్ని. సంఘంలో పెద్ద, ఆదివారం కానుకల పళ్లెం పట్టుకునే మనిషి. ఇంట్లో కూతురి పేరు ఎత్తకూడదని కట్టడి చేశాడు. ఒకసారి ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వస్తే విప్పకుండానే పొయ్యిలో పెట్టాడని చెప్పుకున్నారు. ఏ ఊరి ముద్ర ఉందో కూడా పెద్దమ్మకు తెలియలేదు. ఒంగోలు వైపు చూశామని ఒకరు, విజయవాడలో ఉందని ఒకరు చెప్పేవారు. పెద్దమ్మ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. నేను షెడ్డులో చేరిన రోజు మాత్రం తన పక్కన ఖాళీగా ఉన్న గోతం మీద చెయ్యేసి, “ఇటురా, ఇక్కడ కూచో” అంది. ఆ చోటు ఎవరిదో నాకు తెలుసు. కూర్చున్నాను.

ప్రతి వారం తప్పకుండా కార్డు రాయించేది ఆమె ఒక్కతే. ఎప్పుడూ ఒకటే పాట. మూడోసారో నాలుగోసారో నాకు విసుగొచ్చి, “ఎప్పుడూ ఇదే ఏంది పెద్దమ్మా, వేరేది రాయనా” అన్నాను.

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “పాట కోసం కాదమ్మాయ్. ఆ పాట దానికిష్టం. అది యాడున్నా ఒంటిగంటకి రేడియో పెట్టుద్ది. నా పేరు ఇంటది. అమ్మ బతికే ఉంది, అమ్మకి కోపం లేదని తెలుసుద్ది. మీ పెదనాయన నా నోరు కట్టగలడు గానీ రేడియో నోరు కట్టలేడుగా.”

ఆ మాట చెప్పి నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది చాలా తక్కువ. పెదనాన్న కూడా రేడియోలో పెళ్లాం పేరు వస్తే మురిసిపోయేవాడు, టీకొట్లో నలుగురికీ చెప్పేవాడు. అదెవరికి పంపిన కబురో ఆయనకు తట్టనే లేదు. మా ఇద్దరికే తెలుసు. ఇదంతా తెలిసే నేను ఆ పని చేశాను, ఆ ముక్క ముందే చెప్పాలి.

మిరప పని జోరుగా ఉన్న రోజుల్లో రేడియోలో ఒక ప్రకటన మొదలైంది. స్టేషనులో మార్పులు చేయబోతున్నారట. పాత పాటలు, కార్డులు ఇలాగే ఉంచాలా, లేక రోజంతా కొత్త సినిమా పాటలు వేసి, శ్రోతలతో ఫోనులో మాట్లాడే కార్యక్రమం పెట్టాలా అని అడిగారు. ఎవరి అభిప్రాయం వాళ్లు ఒక కార్డు మీద రాసి పంపమన్నారు. షెడ్డులో పెద్ద చర్చే జరిగింది. మా వాళ్లను ఎవరైనా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. ఎన్నికలప్పుడు కూడా ఎవరూ అడగలేదు, గుర్తు మాత్రం చూపించి పోయేవారు.

“ఆ ముసలాయన్ని తీసేస్తే నేను అన్నం తిననని రాయి” అంది ఒకామె.

“నువ్వు తినకపోతే ఆయనకేందే, నీ మొగుడికి మిగులుద్ది” అని ఎదురు వరసలోంచి ఇంకొకామె. అందరూ నవ్వారు.

మేస్త్రి పోస్టాఫీసు నుంచి ఒక కట్ట కార్డులు తెచ్చిచ్చాడు. రెండు రోజులు అన్నాల వేళ అంతా నా చుట్టూ చేరి ఒక్కొక్కరు చెప్పడం, నేను రాయడం. పాతిక మందిలో కొత్త పాటలు కావాలన్నది ఒక్క ఆమే, అదీ కొడుకు డాన్సు కడతాడని. మిగిలిన అందరూ ఉన్నదే ఉండాలన్నారు. ఒకామె పాతపాటకైతే చేతులు వాటంతటవే కదులుతాయంది. ఒకామె తన పేరు రేడియోలో వచ్చిన రోజున అత్త తనని ఏమీ అనదని, అది కూడా రాయమంది.

మొదటి నాలుగైదు కార్డులు వాళ్లు చెప్పినట్టే రాశాను. రాస్తుంటే ఒళ్లు మండింది. ఈ షెడ్డు, ఈ ఘాటు, ఈ ఏడుపు పాటలు, అన్నీ ఇలాగే ఉండాలని నా చేత్తోనే రాయాలా అనిపించింది. రోడ్డు మీద వెళ్లే ప్రతి ట్రాక్టరులోనూ కొత్త పాటలే మోగుతున్నాయి. సెంటర్లో ఎస్టీడీ బూతు పెట్టారు. ఫోను కార్యక్రమం వస్తే అక్కణ్నుంచి మాట్లాడవచ్చు. నా గొంతు రేడియోలో వస్తుంది, పాసైన వాళ్లంతా వింటారు. ఆరో కార్డు మీద పెన్ను ఆగింది. ‘మాకు కొత్త పాటలే కావాలి, పేర్లు చదవడం ఆపి ఫోను కార్యక్రమం పెట్టండి’ అని రాశాను. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టడానికి అక్కడ చదువొచ్చింది నాకొక్కదానికే.

“ఏం రాశావో చదువు” అంది ఆ కార్డు రాయించినామె. ఆమె చెప్పిన మాటలే, కార్డులో చూస్తూ, ఒక్కటీ పొల్లుపోకుండా చదివి వినిపించాను. లేనిదాన్ని చదవడం అంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత అన్నీ అలాగే రాశాను. ముందు రాసిన నాలుగైదు కూడా ఇంటికి తీసుకెళ్లి చింపి మళ్లీ రాశాను.

పెద్దమ్మ అందరికంటే చివర చెప్పింది. ఆమె కార్డు ఒక్కటైనా నిజం రాయాలనుకున్నానా అంటే, అనుకున్నాను. పెన్ను పెట్టేముందు ఆమె నా భుజం మీదుగా వంగి చూసింది. “ఏందమ్మాయ్ నీ రాత కోడి గెలికినట్టు. మా పిల్ల రాస్తే చూడాలి” అంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. రాకపోయినా ఆ తేడా కనిపించింది. ఇన్నాళ్లుగా ఆ గోతం మీద కూర్చుని ఆమె చేతులకు ఆముదం రాసింది నేను. లేచిపోయినదాని రాత ముత్యాలు, నాది కోడి గెలుకుడు.

“చెప్పు పెద్దమ్మా, ఏం రాయను” అన్నాను.

“ఏవన్నా మార్చుకోమను. పాత పాటలు తీసేసినా సరే, అసలు పాటే ఎయ్యకపోయినా సరే. పేర్లు మాత్రం చదవమను. అంతే రాయి.”

నేను రాసింది మిగతా అందరికీ రాసిందే. రాసి, ఆమె చెప్పిన మాటలు చదివి వినిపించాను. తల ఊపి, “బాగా రాశావు” అంది. సాయంత్రం పాతిక కార్డులూ తీసుకెళ్లి ఎర్ర డబ్బాలో వేశాను.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం ఆ పెద్దాయన రోజూలాగే పేర్లు చదివి, పాటలు వేసి, చివర్లో సెలవు తీసుకున్నాడు. రేపట్నుంచి కార్డుల కార్యక్రమం ఉండదన్నాడు. ఎక్కువమంది శ్రోతలు కొత్త పాటలు కోరారని చెప్పి, మా ఊరి పేరు చదివాడు. ఆ ఊరి షెడ్డులో మిరపకాయల పని చేసే అక్కచెల్లెళ్లు పాతికమంది, ఒక్కరు కూడా తప్పకుండా, ఒకే మాటగా, పేర్లు చదవడం ఆపి కొత్త పాటలు వేయమని కార్డులు రాశారని, అందుకు వాళ్లకు ప్రత్యేకంగా కృతజ్ఞతలని అన్నాడు. ఆయన గొంతులో కొంచెం నొచ్చుకున్నట్టు ఉంది. లేక అది నాకే అలా వినిపించిందేమో.

షెడ్డులో ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఇప్పుడు అందరూ నావైపు తిరుగుతారు, మా అమ్మ లేచి వచ్చి నా చెంప పగలగొడుతుంది అనుకున్నాను. ఎవరూ తిరగలేదు.

“మనమెప్పుడు అడిగాం” అంది ఒకామె.

“మన కార్డులు అసలు విప్పి చూసుండరు. ఆఫీసుల్లో వాళ్లంతే, వాళ్లకి కావల్సింది మన పేరు మీద రాసుకుంటారు” అంది మా అమ్మ. ఆ మాటతో అందరూ సమాధానపడిపోయారు. నామీద అనుమానం ఒక్కరికీ రాలేదు, అదే నాకు పెద్ద శిక్ష. పెద్దమ్మ తల వంచి కళ్లు భుజానికి ఒత్తుకుంది.

మర్నాటి నుంచి రేడియోలో ఒక కుర్ర గొంతు, గబగబా మాటలు, దడదడమనే పాటలు. ఊళ్లో కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. మంగలి షాపాయన రేడియో కట్టేసి టేపురికార్డరు కొనుక్కొచ్చాడు. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో ఆ పాటల మీద పావుగంట తీసుకున్నారు, అవి వినకుండానే అన్ని మాటలు ఎలా తెలిశాయని మా వాళ్లు ఆశ్చర్యపోయారు. షెడ్డులో పని జోరందుకుందని మేస్త్రి సంతోషించాడు. అన్నం తిననని రాయమన్న ఆమె వారం తిరిగేసరికి కొత్త పాటకు తల ఊపుతూ దొరికిపోయింది. మనుషులు ఎంత తొందరగా అలవాటు పడతారో చూసి నాకు ధైర్యం వచ్చింది. నేను చేసింది అంత పెద్ద తప్పేమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

అయినా మా వాళ్లు ఊరుకోలేదు. మేము అలా రాయలేదని మళ్లీ కార్డులు రాయించారు. ఈసారి ప్రతి అక్షరం నిజమే రాశాను. నెల తర్వాత మీ అభిప్రాయం అందిందని అచ్చు వేసిన జవాబు ఒకటి వచ్చింది. మేస్త్రి దాన్ని స్తంభానికి అంటించాడు. అచ్చులో జవాబు వచ్చిందని కొందరు మురిసిపోయారు కూడా.

నాకు ఫోను కార్యక్రమం మీద మోజు పోయింది. పెద్దమ్మకు మాత్రం దారి ఏదైనా చూపించాలని, ఒకరోజు ఆమెను ఎస్టీడీ బూతుకు తీసుకెళ్లాను. చాలాసేపు నొక్కితే లైను కలిసింది. రిసీవరు ఆమె చెవికి పెట్టాను. నేను పక్కనే ఆనుకుని నిలబడ్డాను కాబట్టి అవతలి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. “హాయ్, ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కణ్నుంచి” అని అమ్మాయి గొంతు. పెద్దమ్మ రిసీవరు రెండు చేతులతో పట్టుకుని శ్రద్ధగా వింటోంది. “హలో, మీ పేరు చెప్పండి” అని మళ్లీ. నేను మోచేత్తో పొడిచాను. ఆమె నావైపు చూసి, ఉండమన్నట్టు చెయ్యి చూపించింది. అవతలి అమ్మాయి లైను కట్ అయినట్టుందని చెప్పి పాట వేసేసింది.

“ఏం పెద్దమ్మా, పేరు చెప్పవే” అన్నాను బయటికొచ్చాక.

“నేను చెప్పేదేందమ్మాయ్, ఆళ్లు చదువుతారుగా. ఇప్పుడు చదువుతారు, ఇప్పుడు చదువుతారని చూస్తన్నా” అంది. ఇన్నేళ్లూ ఆమె పేరు పలికింది రేడియోయే. తన పేరు తానే నలుగురికీ చెప్పుకోవడం ఆమె ఎరగదు. రెండోసారి చేద్దామంటే ఒప్పుకోలేదు, సిగ్గేసిందంది.

ఆమె మాత్రం కార్డులు మానలేదు. ఎప్పుడో ఒక పూట, మనం వినని టైములో చదువుతారేమోనని ఆశ. నేను వారం వారం రాసేదాన్ని. తర్వాత ఇంటర్ కట్టి పాసయ్యాను, టీచరు ట్రైనింగుకి ఒంగోలు వెళ్లాను. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె కొంగులోంచి కార్డు తీసి ఇచ్చేది. ఆ తర్వాత నేను రాసినవన్నీ నిజమైన కార్డులే, చదివే వాళ్లే లేరు. ఆమె ఒక చిన్న రేడియో కొనుక్కుని పొలానికి కూడా తీసుకెళ్లేది. నడుములోతు పత్తిలో వంగి ఉన్న ఆమె కనపడకపోయినా, చాళ్ల మధ్య ఆ దడదడ పాటలు కదులుతూ పోవడం నేను విన్నాను. అవి పాత పాటలై ఉంటే ఎవరో ముసలామె పాట వింటోందని అనుకునేవాళ్లు. ఆ పాటలు ఆమె దగ్గర్నుంచి రావడం చూసి పిల్లలు నవ్వేవారు, నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

అలా నాలుగేళ్లు. నాలుగో ఏడు వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చి, ఎక్కువ రోజులు బాధ పడకుండానే పోయింది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి పక్క ఊళ్లో బడికి వెళుతున్నాను. చివరి రోజుల్లో చూడడానికి వెళితే ఆమె అడిగింది ఒక్కటే, కార్డు వేశావా అని. వేశానన్నాను. నిజానికి ఆ వారం మరిచిపోయాను.

ఆ నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. మా వాళ్లంతా పొద్దున్నే సమాధులకు సున్నం వేసి, సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు తెచ్చుకుంటారు. పొద్దు వాలుతుండగా పెద్దమ్మ సమాధి దగ్గర పెదనాన్న కూర్చుని ఉన్నాడు, పక్కన మా అమ్మ, నేను. గేటు దగ్గర ఒక ఆడమనిషి నాలుగైదేళ్ల ఆడపిల్లను చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేకపోయాను. బాగా చిక్కిపోయింది. పెదనాన్న ఆమెను చూశాడు. పక్కనున్న సున్నం బకెట్టు అవతలికి జరిపి చోటిచ్చాడు.

ఆమె ఏడ్చినంతసేపు ఏడ్చింది. తర్వాత మా అమ్మ పెదనాన్నను, పిల్లను తీసుకుని ఇంటికి బయల్దేరింది. మేమిద్దరం మిగిలాం. ఆమె ఇన్నేళ్లూ చీరాలలోనే ఉందట. మా ఊరికి రెండు బస్సుల దూరం. మగ్గాల ఇళ్లలో నూలు చుట్టే పనికి వెళుతుందట. బజారులో మా ఊరి మనిషి కనపడి చెబితే తల్లి పోయిన సంగతి తెలిసిందట.

“మీ ఇళ్లలో రేడియో ఉండేదా అక్కా” అన్నాను. అడగకుండా ఉంటే బాగుండేది. నా నోరు ఆగలేదు.

“ఎందుకుండదు. అమ్మ పేరు వచ్చిన రోజు నేను మగ్గాలాయన ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని, మా అమ్మేనని. పాప పుట్టింది. మూడో నెల రాగానే తీసుకొద్దామనుకున్నా. నాన్న కొడితే కొట్టనీ, అమ్మకైతే కోపం లేదుగా అని. అమ్మకని చీర కూడా తీసుకున్నా, నేను చుట్టిన నూలుతో నేసిందే. ఆ వారమే ఆయన చదివాడు. మన షెడ్డు వాళ్లంతా, ఒక్కరు కూడా తప్పకుండా, ఇక పేర్లు వద్దని రాశారని. ఒక్కరు కూడా అంటే అమ్మ కూడా అనేగా. ఇంక చాల్లే అని అమ్మ నాకు చెప్పిందనుకున్నా. చీర పెట్టెలో పెట్టేశా.”

మా పాతిక కార్డులతోనే ఒక స్టేషను మారిపోతుందా? మారదు. వాళ్లు ఎలాగూ మార్చేవాళ్లే, కార్డులు అడిగింది మర్యాదకే అయివుంటుంది. ఆ మాట నేను చాలాసార్లు చెప్పుకున్నాను, అది నిజం కూడా. కానీ ‘ఒక్కరు కూడా తప్పకుండా’ అనే ముక్క ఆ పెద్దాయన నోట పలికించింది మాత్రం నేనే. రెండు బస్సుల దూరంలో ఒకామె దాన్ని విని పెట్టె మూసేసింది. ఇక్కడ ఒకామె పత్తిచేలో రేడియో పెట్టుకుని నాలుగేళ్లు తిరిగింది.

“ఆ కార్డులు రాసింది నువ్వేనంటగా. అమ్మ అట్టాగే రాయమందా చెల్లీ? ఏమన్నా నేనేమీ అనుకోను. తెలిస్తే చాలు” అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. సమాధుల మధ్య మేమిద్దరమే ఉన్నాం, వినేవాళ్లు లేరు. నాకు నోరు పెగిలింది కానీ సగమే పెగిలింది.

“లేదక్కా. పెద్దమ్మ ఏం చెప్పిందో నాకు మాట మాట గుర్తుంది. ఏవన్నా మార్చుకోమను, పాటే ఎయ్యకపోయినా సరే, పేర్లు మాత్రం చదవమను అంది. అదే రాశాను. రేడియో వాళ్లే అబద్ధం చెప్పారు.”

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. అమ్మకు కోపం లేదన్నమాట, లేదన్నమాట అని తనలో తను అనుకుంటూనే ఉంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. రాసింది నేనేనని చెబితే ఆ మాటకు విలువ పోతుందని, ఆమె దేన్నీ నమ్మదని, ఆమె మంచికే దాచానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదేమీ కాదు. భయపడ్డాను. ఆమెకు చదువొచ్చు. ఇది ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతికి వెళితే వెళ్లనీ అని ఇన్నేళ్లకు రాస్తున్నాను, ఎదురుగా చెప్పే ధైర్యం ఇప్పటికీ లేక.

ఆమె ఆదివారం దాకా ఉండిపోయింది. శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి కాగితంలో చుట్టిన చీర నా ఒళ్లో పెట్టింది. సమాధి మీద కప్పుదామని తెచ్చిందట. నాన్న వద్దన్నాడట, ఎండకీ వానకీ పాడైపోతుందని. “అమ్మ మాటలు రాసిన చెయ్యి నీది. నువ్వు కట్టుకుంటే అమ్మకి పెట్టినట్టే” అంది. మా అమ్మ పక్కనే నిలబడి, తీసుకోమ్మా అంది. తీసుకున్నాను.

ఆదివారం అది కట్టుకునే చర్చికి వెళ్లాను. ఆమె కోరిక అది. నాలుగేళ్లు పెట్టెలో ఉండడంతో మడతల దగ్గర గీతలు పడ్డాయి, కలరా ఉండల వాసన వస్తోంది. ఆడవాళ్ల వైపు చాప మీద ఆమె నా పక్కనే కూర్చుంది, ఒళ్లో పాప. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను. ఆమె కూడా మూసుకోలేదు. నా భుజం మీది అంచును రెండు వేళ్లతో సవరిస్తూ, “ముదురు రంగు. అమ్మకి ఇంకా బాగుండేది కదే” అంది మెల్లగా.

అవునన్నాను.